సబ్బుల తరగతిలో కళ్ళద్దాలాయన

ఆయన చేసిన సబ్బుకు నురగ వచ్చేది కాదు. ఆ సంగతి తరగతిలో అందరికీ తెలుసు, ఆయనకూ తెలుసు. కానీ బిళ్ళ మాత్రం చూడముచ్చటగా ఉండేది. మిగతావాళ్ళు అచ్చులోంచి తీసిన సబ్బును కత్తితో ముక్కలు చేసి పక్కన పడేస్తే, ఆయన ఒక్కో బిళ్ళ అంచునూ ముందు తడిగుడ్డతో, తర్వాత బొటనవేలితో నున్నగా వచ్చేదాకా రుద్దుతూ కూర్చునేవారు.

"మాస్టారూ, మీ సబ్బు షోకేసులో పెట్టుకోవడానికి బాగుంటుంది గానీ ఒళ్ళు రుద్దుకోవడానికి పనికిరాదు" అని పాఠం చెప్పే ఆవిడ వేళాకోళం చేసేది. ఆయన నవ్వి, "అయితే షోకేసు కూడా మీరే ఇప్పించండి" అనేవారు.

అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. సరిహద్దు దాటి వచ్చిన వాళ్ళుండే శిబిరంలో, ఒక సహాయ సంస్థ తరఫున జీవనోపాధి విభాగం చూసేదాన్ని. రేకుల కప్పు వేసిన పొడవాటి షెడ్డును చెక్కలతో నాలుగు గదులు చేసి నాలుగు తరగతులు నడిపేవాళ్ళం. కుట్టుపని, సబ్బులు, కొవ్వొత్తులు, ఫోన్ల రిపేరు. ఈ నాలుగే ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. నాకంటే ముందున్న ఆఫీసరు కాగితాల్లో నాలుగున్నాయి, అంతే. ఎవరొచ్చినా ఆ నాలుగింట్లో దేంట్లో ఖాళీ ఉంటే దాంట్లో కూర్చోబెట్టేదాన్ని. ఆయన వచ్చిన రోజున సబ్బుల్లో ఖాళీ ఉంది.

దానికి మూడు నెలల ముందు మేం శిబిరంలో కళ్ళజోళ్ళు పంచాం. ఒక దాత లారీ నిండా పెట్టెలు పంపాడు. దగ్గరి వస్తువులు కనిపించని వాళ్ళకోసం చేసిన రెడీమేడ్ కళ్ళజోళ్ళు. ఒక పూటలో ఆరువందల మందికి పంచేశాం. ఒక ముసలావిడకు నేను జోడు తొడుగుతున్న ఫొటో సంస్థ వార్షిక నివేదికలో వచ్చింది. మా అమ్మ దాన్ని ఫోన్లో మా బంధువులందరికీ పంపించి, చూడనివాళ్ళకు మళ్ళీ పంపించింది. ఉద్యోగంలో నేను చేసిన మంచి పనేదని ఎవరైనా అడిగి ఉంటే, తడుముకోకుండా అదే చెప్పేదాన్ని.

మామూలుగా నేను కుట్టు గదికి మంగళవారం వెళ్ళేదాన్ని. ఒక వారం జీపు చెడిపోయి బుధవారం వెళ్ళాల్సి వచ్చింది. చెప్పాపెట్టకుండా తలుపు తీశాను. పద్నాలుగు మంది ఆడవాళ్ళు మిషన్ల మీదికి వంగి ఉన్నారు. ఒక్కరి ముఖాన కూడా కళ్ళజోడు లేదు. నన్ను చూడగానే గదంతా ఒక్కసారి కదిలింది. సంచుల్లోకి, దారపు డబ్బాల్లోకి చేతులు వెళ్ళాయి. నేను రెండో మిషను దాకా నడిచేలోపు అందరి ముక్కుల మీదికీ జోళ్ళు వచ్చేశాయి.

కిటికీ పక్కన బొత్తాల పిన్ని ఉంది. బొత్తాలు కుట్టడంలో ఆవిణ్ణి మించినవాళ్ళు లేరని అందరూ అలాగే పిలిచేవారు. దారం కొసను నాలుకతో తడిపి సూదిలోకి ఎక్కిస్తున్నదల్లా, నన్ను చూసి గబుక్కున జోడు పెట్టుకుంది. ఆ తర్వాత దారం సూదికి బెత్తెడు దూరంలో తిరుగుతోంది.

"పిన్నీ, అది లేకుండానే బాగా కుడుతున్నావు కదా. ఎందుకు పెట్టుకున్నావు?" అన్నాను.

ఆవిడ పక్కావిడ వైపు చూసింది. చివరికి, "మీరు ప్రేమగా ఇచ్చారు మేడమ్. మీరు వస్తున్నారంటే పెట్టుకుంటాం" అంది.

"మరి నేను వెళ్ళాక?"

"తల తిరుగుతుంది మేడమ్. తీసేస్తాం."

నా మీద కోపంతో అని ఉంటే ఏదో ఒకటి సర్దిచెప్పేదాన్ని. ఆవిడ నా మనసు ఎక్కడ నొచ్చుకుంటుందోనని భయపడుతూ చెప్పింది.

అప్పుడే పక్క గదిలోంచి ఆయన వచ్చారు. సబ్బు ముక్కలు చుట్టడానికి గుడ్డపీలికలు అడుగుదామని వచ్చినట్టున్నారు. మా మాటలు వినపడ్డాయో ఏమో, "ఏదమ్మా, ఒకసారి ఇటివ్వు" అని పిన్ని పెట్టుకున్న జోడు తీయించి తీసుకున్నారు. కిటికీకి ఎదురుగా ఉన్న గోడ దగ్గరికెళ్ళి జోడును గోడకు ఆనించి, మెల్లగా వెనక్కి జరిపారు. గోడ మీద కిటికీ బొమ్మ తలకిందులుగా, చిన్నదిగా, ఊచలతో సహా తేలింది. జోడును అక్కడే ఆపి, రెండో చేత్తో గోడనుంచి జోడు దాకా జానలు కొలిచారు.

"రెండు జానలకు రెండు వేళ్ళు తక్కువ. పవరు రెండున్నర. రెండు కళ్ళకూ అదే" అన్నారు. పిన్ని ముఖాన్ని పరీక్షగా చూశారు. చెయ్యి అడ్డుపెట్టి ఒక కన్ను మూయించి, ఒక బొత్తాం చూపించి, దగ్గరగా, దూరంగా జరిపించారు. రెండో కంటికీ అలాగే చేశారు. "నీ కుడికన్ను ఒకలా ఉంది, ఎడమకన్ను ఒకలా ఉంది. పైగా ఈ అద్దాల నడిమి భాగం నీ కళ్ళకు ఎదురుగా రావట్లేదు, పక్కకు పోతోంది. తల తిరక్క ఏం చేస్తుంది?"

గదిలో మిషన్లన్నీ ఆగిపోయాయి.

"మీకివన్నీ ఎలా తెలుసు?" అన్నాను.

"ముప్ఫై ఒక్క ఏళ్ళు చేసిన పనేనమ్మా" అన్నారాయన. నాకేదో ఇబ్బంది కలిగించినట్టు మొహమాటంగా నవ్వి, గుడ్డపీలికలు తీసుకుని వెళ్ళిపోయారు.

సాయంత్రం ఆయన ఉంటున్న గుడారం వెతుక్కుంటూ వెళ్ళాను. ఆయన లేరు, నీళ్ళకు వెళ్ళారు. భార్య ఉంది. మంచం కిందినుంచి ఒక చెక్కపెట్టె లాగి నా ముందు పెట్టింది. మూత తీస్తే లోపల మఖమల్ గుడ్డ పరిచి, వరసలు వరసలుగా గుండ్రటి అద్దాలు. ఒక్కోదానికీ సన్నటి పిడి, పిడి మీద పవరు అంకె. పక్క అరలో అంచులు అరగదీసే సాన, చిన్న చిన్న స్క్రూడ్రైవర్లు, పట్టకారు.

"రాత్రికి రాత్రి బయల్దేరాం. దుప్పట్లు తీసుకుందామని నేనంటే, ఈయన ఈ పెట్టె ఎత్తుకున్నాడు. మూడు రోజులు నడిచాం. దారి పొడుగునా తిట్టాను. ఇక్కడికొచ్చాక తెలిసింది ఎందుకు తెచ్చాడో. గుడారం ముందు ఒక బల్ల వేసుకున్నాడు. జనం పాత జోళ్ళు, విరిగిన జోళ్ళు పట్టుకుని వచ్చేవాళ్ళు. ఒకాయన క్షవరం చేసి వెళ్ళేవాడు, ఒకావిడ రెండు బిందెల నీళ్ళు మోసి పెట్టేది, చేతిలో డబ్బులున్నవాళ్ళు డబ్బులిచ్చేవాళ్ళు. పొద్దున్నే గడ్డం గీసుకుని, చొక్కా దోపుకుని బల్ల ముందు కూర్చునేవాడు."

"తర్వాత?"

ఆవిడ పెట్టె మూత వేసింది. "తర్వాత మీ లారీ వచ్చింది కదమ్మా."

తల కొట్టేసినంత పనైంది. మేం పంచిన మర్నాటినుంచి ఆయన బల్ల దగ్గరికి పిట్ట కూడా రాలేదట. ఊరికే వచ్చిన జోడు చేతిలో ఉండగా ఎవరొస్తారు? తల తిరిగినవాళ్ళు కూడా, మళ్ళీ లారీ వస్తే ఇంకోటి తీసుకోవచ్చులే అని ఊరుకున్నారు. రెండు నెలలు ఈగలు తోలుకుంటూ కూర్చుని, బల్ల మడిచేసి, పెట్టెను మంచం కిందకు తోసేశారాయన. ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోలేక సబ్బులకు వచ్చారు. మా చేత్తోనే ఆయన పొట్ట కొట్టి, ఆ చేత్తోనే సబ్బులు నేర్పుతున్నాం.

ఇంతలో ఆయన బిందెతో వచ్చారు.

"మీరు నాతో ఒక్క మాట చెప్పలేదేం?" అన్నాను. నా గొంతులో నిష్ఠూరం నాకే వినిపించి సిగ్గేసింది.

"ఏమని చెప్పను తల్లీ? పంచొద్దని చెప్పనా? చూపు ఆనని వాళ్ళకు ఎవరో ఏదో ఇస్తుంటే నేను అడ్డం పడితే బాగుంటుందా?"

"కనీసం ఈ పని వచ్చని చెప్పొచ్చు కదా."

"మీ ఫారంలో ఎన్ని దుప్పట్లున్నాయని అడిగారు, చెప్పాను. ఎన్ని బకెట్లని అడిగారు, చెప్పాను. జబ్బులేమిటని అడిగారు, మోకాళ్ళ నొప్పులు రాయించాను. ఈ సంగతి అడగలేదమ్మా" అన్నారు. ఎత్తిపొడుపు కాదది. నిజంగానే, అడిగి ఉంటే చెప్పేవాణ్ణి అన్నట్టుగా అన్నారు.

ఆఫీసుకు వెళ్ళి ఫారం తీశాను. మూడు పేజీలు. వాళ్ళకు ఏం లేవో కనుక్కోవడానికే మూడు పేజీలూ సరిపోయాయి. ఇదివరకు ఏం పని చేసేవారన్న ప్రశ్న ఎక్కడా లేదు. మా ఆఫీసు పెద్దసారును అడిగి ఆ ప్రశ్న చేర్పించడానికి పదిరోజులు పట్టింది. చేర్చాక వచ్చిన జవాబులు చదువుతుంటే ఒక్కోసారి కుర్చీలోంచి లేచి నడవాల్సి వచ్చేది. కొవ్వొత్తుల తరగతిలో ఒక బావుల మేస్త్రి ఉన్నాడు. ఫోన్ల రిపేరులో ఉన్నామె ఇరవై ఏళ్ళు లెక్కల టీచరు.

పెద్దసారు మంచివారే. కళ్ళద్దాలాయనకు ఏదైనా దారి చూపిద్దామని అడిగితే, తన ఉపాయం చెప్పారు. "లైసెన్సు లేకుండా కళ్ళ పని చేయనివ్వడానికి రూల్స్ ఒప్పుకోవు. ఆయన్ని మన వాలంటీరుగా తీసుకుందాం. నెలకింత భత్యం, ఒక జాకెట్టు. వచ్చే నెల దాత ఇంకో ఐదొందల జోళ్ళు పంపుతున్నాడు. ఎవరికేది సరిపోతుందో చూసి ఆయనే పంచుతాడు. సరేనా?"

నాకు ప్రాణం లేచొచ్చింది. సంస్థ పేరున్న నీలం జాకెట్టు చంకలో పెట్టుకుని పరుగులాంటి నడకతో గుడారానికి వెళ్ళాను. ఆయన జాకెట్టు తీసుకుని, కుట్లు పరీక్షగా చూసి, మడతపెట్టి నా ఒళ్ళోనే పెట్టారు.

"కోపం తెచ్చుకోకమ్మా. ఇది నావల్ల కాదు."

"ఎందుకండీ? భత్యం తక్కువా?"

"అది కాదు తల్లీ. ఇది తొడుక్కుంటే నేను పెట్టెలు విప్పి ఇచ్చేవాణ్ణవుతాను. ఎవరి కంటికి తగ్గట్టు వాళ్ళకు అరగదీసి ఇవ్వడం నా పని. అది బాగుండకపోతే వాళ్ళొచ్చి నన్ను తిట్టాలి. నేను సరిచెయ్యాలి. ఊరికే ఇస్తే ఎవరు తిడతారు చెప్పు? నువ్వొస్తున్నావని ఆ జోళ్ళు పెట్టుకోవట్లేదూ ఆ ఆడవాళ్ళు?"

నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది చూసి భార్య ఆయన మీద విరుచుకుపడింది. "ఆ పిల్ల ఆశపడి వచ్చింది. ఆ మాట ఇంకాస్త మెత్తగా చెప్పలేవూ?"

"మెత్తగానే చెప్పాను కదే."

"నీ మెత్తదనం నీ సబ్బులంత ఉంది."

ముగ్గురం నవ్వేశాం. ఆ నవ్వులో నా ఏడుపు కలిసిపోయింది. ఎప్పుడో అడగాల్సిన మాట, చాలా ఆలస్యంగా అప్పుడు అడిగాను. "అయితే మీకేం కావాలో చెప్పండి."

"నా బల్ల నాకు కావాలి. దాని ముందు కూర్చోవడానికి ఒక లైసెన్సు కావాలి. డబ్బుల్లేనివాళ్ళ సంగతి మీరు చూసుకోండి, వద్దనను. కానీ వాళ్ళు కూడా బేరానికి వచ్చినట్టే రావాలి."

లైసెన్సు ఉన్నది శిబిరం దగ్గరి ఊళ్ళో బస్టాండు పక్కన కళ్ళద్దాల దుకాణానికి. తండ్రి పోయాక కూతురే నడుపుతోంది, నలభై ఏళ్ళుంటాయి. ఒక రోజుకు బయటికెళ్ళే అనుమతి రాయించి ఆయన్ని తీసుకుని వెళ్ళాను. నేను ఏ సంస్థో చెప్పగానే ఆవిడ నన్ను నిలబెట్టి కడిగిపారేసింది.

"ఓహో, మీరేనా! మీ క్యాంపు లైన్లో మా ఊరివాళ్ళు ఎంతమంది నిలబడ్డారో తెలుసా మీకు? రెండు నెలలు నా గల్లాపెట్టె తెరిచిన పాపాన పోలేదు. మంచి చేస్తున్నామని మీరు ఫొటోలు దిగి పోతారు. ఇక్కడ దుకాణం పెట్టుకున్న దాని గతేంటని ఒక్కరు అడిగారా?"

అడగలేదు. అదే చెప్పాను. క్షమించమని కూడా అన్నాను. ఆవిడ ఇంకా ఏదో అనబోతుంటే ఒక లారీ డ్రైవరు లోపలికి వచ్చాడు. అద్దం పగిలిన జోడు. సాయంత్రానికి బండి ఎక్కాలట. అద్దాలు కొయ్యడానికి నగరానికి పంపాలి, పదిరోజులు పడుతుంది అందావిడ. ఆ కోసే మిషను తండ్రి కాలంలో ఉండేది, ఇప్పుడు పాడైంది.

"అద్దం ఉంటే నేను అరగదీసి పెడతానమ్మా" అన్నారు మా ఆయన. మా ఆయన అన్నాను, నవ్వకండి. అప్పటికే నా మనసులో ఆయన మావాడైపోయాడు.

ఆవిడ పెదవి విరిచి, సరే కానివ్వమంది. ఆయన జేబురుమాలులోంచి తన సాన తీసి, తడిపి, కూర్చున్నారు. నేను పక్కనే నిలబడి చూస్తున్నాను. చెయ్యి తిరిగిన మనిషి, ఇక చూడు అని లోలోపల పొంగిపోతున్నాను. అంతలో టిక్కుమని చప్పుడైంది. అద్దం అంచున పెచ్చు ఊడింది.

ఎన్ని నెలలైంది ఆయన చేతులు ఆ పని చేసి! పెచ్చును వేలిమీద పెట్టి డ్రైవరుకు చూపించారు. "తప్పు నాదే బాబూ. గట్టిగా నొక్కాను." ఆవిడ వైపు తిరిగారు. "మీ అద్దం పాడుచేశానమ్మా. దీనికి నేనే జవాబుదారీ."

దాచేద్దామని చూడలేదు. సాన మీద నెట్టలేదు, డ్రైవరు తొందర మీద నెట్టలేదు. దుకాణం ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసి, ఫక్కున నవ్వింది. "మా నాన్న పొద్దున్నే మొదటి అద్దం ఎప్పుడూ పగలగొట్టేవాడు. తర్వాత సాయంత్రం దాకా ఒక్కటీ పోయేది కాదు. ఇదిగో, ఇంకోటి తీసుకో పెద్దాయనా."

రెండోది చక్కగా కుదిరింది. డ్రైవరు పెట్టుకుని, తల అటూ ఇటూ తిప్పి, రోడ్డుకవతల బస్సు మీది బోర్డు గట్టిగా చదివి, ఉత్సాహంగా వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఇద్దరూ అద్దాల గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. నేనొకదాన్ని ఉన్నానన్న సంగతే మర్చిపోయారు. మధ్యాహ్నానికి ఆవిడ 'పెద్దాయనా' అనడం మానేసి 'బాబాయ్' అంటోంది.

ఒప్పందం వాళ్ళిద్దరే చేసుకున్నారు. శిబిరంలో ఆయన బల్ల ఆవిడ దుకాణానికి శాఖ, బోర్డు మీద ఆవిడ లైసెన్సు నంబరు. ప్రతి గురువారం ఆవిడ వచ్చి చూస్తుంది. ఊరి దుకాణానికి వచ్చే అద్దాలు నగరానికి పంపకుండా ఆయనే అరగదీస్తారు. మా వంతుగా మిగిలింది ఒక్కటే. కొనలేనివాళ్ళకు మేం చీటీ ఇస్తాం, దాని డబ్బు మేం కడతాం. ఆ చీటీ పట్టుకుని వాళ్ళు ఆయన బల్లకైనా వెళ్ళొచ్చు, ఊరి దుకాణానికైనా వెళ్ళొచ్చు. నచ్చిన ఫ్రేము ఎంచుకోవచ్చు, నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయొచ్చు.

ఇక రాబోయే ఐదొందల జోళ్ళు వద్దని దాతకు ఉత్తరం రాయాలి.

"ఊరికే ఇస్తామంటే వద్దంటావా?" అన్నారు పెద్దసారు.

"వద్దనట్లేదు సార్. ఇంకోలా ఇవ్వమంటున్నాను."

"వాళ్ళు అలా అర్థం చేసుకోరు."

ఆయనన్నట్టే అయింది. ఆ దాతనుంచి జవాబు రాలేదు, మరో లారీ రాలేదు. నాలుగు నెలలు మా దగ్గర చీటీలకు డబ్బు సరిపడా లేక నేను చాలామందికి ముఖం చాటేశాను. ఆ ఏడాది నివేదికలో మా విభాగానికి ఫొటో కూడా లేదు. ఒక బల్లను, ఒక సానను ఫొటో తీస్తే ఎవరు చూస్తారు? తర్వాత వేరే చిన్న సంస్థ ఒకటి ముడి అద్దాలు కొనిపెట్టింది. మెల్లగా నిలదొక్కుకున్నాం.

బల్ల తెరిచిన మొదటి వారం ఎవరూ రాలేదు. ఎనిమిదో రోజున బొత్తాల పిన్ని వచ్చి, రెండు కళ్ళకూ వేరువేరు పవరుతో జోడు చేయించుకుంది. మర్నాడే తిరిగొచ్చి, ముక్కు దగ్గర నొక్కేస్తోందని, ఇదేం పనితనమని, ముప్ఫై ఏళ్ళు ఏం చేశావని అందరూ వినేలా ఆయన్ని దులిపేసింది. ఆయన ముక్కు ప్యాడ్లు రెండుసార్లు వంచి సరిచేశారు. ఆ అరుపులు విని గుమిగూడిన వాళ్ళలో నలుగురు అక్కడే వరసలో కూర్చుండిపోయారు.

నేనా శిబిరంలో ఇంకో రెండేళ్ళు పనిచేశాను. అక్కణ్ణుంచి ఎన్ని పథకాలు రాసినా, ముందు మనుషుల దగ్గర కూర్చుని, వాళ్ళకేం వచ్చో, ఏం కావాలో వినేదాన్ని. వద్దంటే వద్దన్నది కూడా రాసుకునేదాన్ని. ఇది ఏ చదువూ నాకు చెప్పలేదు. నన్ను చిన్నబుచ్చకుండా నా జాకెట్టు నా ఒళ్ళో పెట్టిన మనిషి చెప్పాడు. ఆయన ఆ రోజు మొహమాటపడి సరే అని ఉంటే, ఇప్పటికీ నేను ఫొటోలు దిగుతూనే ఉండేదాన్నేమో.

చట్టం మారి, పని చేసుకునే అనుమతి పత్రాలు ఇవ్వడం మొదలుపెట్టాక, భార్యాభర్తలిద్దరూ ఊరికి మకాం మార్చారు. దుకాణం వెనక రెండు గదులు. నాకు బదిలీ అయిందని తెలిసి, వెళ్ళేముందు చెప్పి వద్దామని ఒక శనివారం వెళ్ళాను. దుకాణం కిటకిటలాడుతోంది. ఆయన తలెత్తి నన్ను చూసి, "వచ్చావా తల్లీ, ఒక్క ఐదు నిమిషాలు కూర్చో" అని మళ్ళీ సాన మీదికి వంగారు. ఐదు నిమిషాలు కాస్తా నలభై అయ్యాయి. నా తర్వాత వచ్చినవాళ్ళు కూడా పని ముగించుకుని వెళ్ళిపోతున్నారు. వెనక గదిలోంచి ఆయన భార్య టీ గ్లాసు తెచ్చి నా చేతిలో పెట్టి, "ఈయనకు ఇప్పుడు నాతో మాట్లాడటానికే తీరిక లేదు, నీతో ఏం మాట్లాడతాడు" అంది మురిసిపోతూ.

నేను బెంచీ మీద ఇంకాస్త జరిగి, అప్పుడే లోపలికి వచ్చిన ముసలాయనకు చోటిచ్చాను. ఆయన కూర్చుంటూ, "ఇక్కడ ఎప్పుడూ ఇంత ఆలస్యమేనా అమ్మా?" అని విసుక్కున్నాడు. "అవునండీ, ఎప్పుడూ ఇంతే" అన్నాను.